అన్నకు వచ్చిన పది అక్షరాలు

వేలూరు, సత్తువాచారి
8 జూలై 1956

వదినమ్మకు గుణశేఖరం నమస్కారాలు.

నేను క్షేమమని రాస్తే నువ్వెలాగూ నమ్మవు కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. దగ్గు తగ్గింది. హోటలు సాంబారు మీద విరక్తి మాత్రం తగ్గలేదు. నువ్వు పంపిన చింతకాయ పచ్చడిని మా ప్రెస్సులో కంపోజిటర్లు నాకంటే ముందే పసిగట్టి, జాడీ అడుగు కనిపించేదాకా ఊరుకోలేదు. నేరస్థులెవరో నాకు తెలుసు. వాళ్ళ వేళ్ళ వాసనే సాక్ష్యం.

దీనితోబాటు మా పిల్లల పత్రిక కొత్త సంచిక పంపుతున్నాను. నా 'కందకంలో దీపం' రెండో భాగం ఇందులో ఉంది. వేలూరు కోట కందకంలో పడవ లేకుండా, మనిషి లేకుండా ఒక దీపం కదులుతూ ఉంటుంది. దాని వెనక పరదేశపు గూఢచారులు ఉన్నారని డిటెక్టివ్ పరాంకుశానికి అనుమానం. చిత్తూరు నుంచి, మదనపల్లె నుంచి పిల్లలు ఉత్తరాలు రాస్తున్నారు. ఒక పిల్ల అయితే 'పరాంకుశం మామయ్యకు పెళ్ళయిందా?' అని అడిగింది. మా ఎడిటరు నన్ను 'గారూ' పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.

ఇదంతా అన్నకు చెప్పాలని ఉంటుంది. ఎలా చెప్పను? మన జవుళి కొట్టు వదిలి ప్రెస్సులో చేరతానన్న రోజు అన్న ఆడిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "పోతే పో. ఈ గడప మళ్ళా తొక్కేది నేను పిలిస్తేనే." మూడేళ్ళయింది. అమ్మ పోయాక నన్ను పెంచింది మీరిద్దరే కదా వదినా. తను పదేళ్ళకే చదువు మాని కొట్లో కూర్చుని నన్ను తెలుగు బడికి పంపినవాడు అన్న. ఆ చదువుతోనే నేను కొట్టు వదిలి వచ్చేశాను. ఆయనకు కోపం రావడంలో తప్పు లేదు. కానీ దీపావళికి హోటలు గదిలో ఒంటరిగా నూనె రాసుకోవడం ఇక నావల్ల కాదు. అన్న నా పేరు ఎప్పుడైనా ఎత్తుతున్నాడా? నిజం రాయి.

నీ మరిది,
గుణశేఖరం


గుడియాత్తం
17 జూలై 1956

చిరంజీవి గుణకు వదిన దీవెనలు.

పచ్చడి దొంగల్ని పట్టుకోలేనివాడివి గూఢచారుల్ని ఏం పట్టుకుంటావు? ఈసారి జాడీకి తాళం వేసి పంపుతాను.

నీ పత్రికను పోస్టుమాన్ నారాయణన్ కొట్లో ఇచ్చి వెళ్ళాడు. మీ అన్న దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "ఇందా, నీ మరిది బొమ్మల పుస్తకం వచ్చిండాది" అన్నాడు. ఆ మాత్రమైనా నీ ఊసు ఎత్తాడని సంతోషించు. పడేసే ముందు ఒక చిత్రం చేశాడు. నీ కథ పేరు మీద వేలు పెట్టి, 'కందకం'లో నడిమి అక్షరాన్ని చూపించి "ఇది 'ద' కదా?" అన్నాడు. కొట్టు లెక్కలన్నీ అరవంలో రాసుకునే మనిషి, తెలుగులో సంతకమైనా పెట్టలేనివాడు, ఆయనకు 'ద' ఎలా తెలిసింది? అడిగితే "తెలుస్తాది పో" అని కొట్లోకి వెళ్ళిపోయాడు.

ఇంకో సంగతి. నీ పరాంకుశం ఏ గుడ్డ కనిపించినా అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి, అది ఏ ఊరి నేతో చెప్పి, అప్పుడు గానీ నోరు విప్పడు. ఆ అలవాటు ఎవరిదో నాకు తెలియదనుకున్నావా? కొట్లో పొద్దస్తమానం చూస్తున్నదే కదా. నేను ఆయనకు చెప్పలేదులే.

నీ కథలు నేను వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని చదువుకుంటున్నాను. ఈ వీధిలో తెలుగు చదివేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. బడిలో తెలుగు అయ్యవారు వెళ్ళిపోయాక ఇంకొకరు రాలేదు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, పలక మీద రాసేది అరవం. మా పాలమనేరు ఆంధ్రలోకి పోయి మూడేళ్ళయింది, నవంబరులో మళ్ళీ ఏవో గీతలు మారతాయని కొట్లో ఒకటే చర్చ. ఎవరు ఎక్కడ గీత గీసినా ఈ ఊళ్ళో మనం మాట్లాడేది మారదు గానీ, రాసేది మాత్రం పోయేలా ఉంది.

మీ అన్నకు ఈమధ్య కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. ఇదివరకు దీపాలు పెట్టినా కొట్టు వదలని మనిషి, ఇప్పుడు సాయంత్రం కాగానే లెక్కల పుస్తకం చంకన పెట్టుకుని ఇంటి నడవలోకి వచ్చి కూర్చుంటున్నాడు. కొట్లో ఉక్కగా ఉందట. కూర్చుంటాడే గానీ పేజీ తిప్పగా నేను చూడలేదు. ఒంట్లో నలతేమో అని భయంగా ఉంది.

అన్నట్టు, వేలూరు బజారులో మంచి పలక బలపాలు దొరికితే ఒక పెట్టెడు పంపు. ఎందుకని అడగవద్దు. దీపావళికి చెబుతాను.

శారదమ్మ


వేలూరు
20 ఆగస్టు 1956

వదినమ్మకు నమస్కారాలు.

బలపాలు పంపాను. వంటింట్లో ఒక్కదానివే కూర్చుని పెట్టెడు బలపాలతో ఏం చేస్తావో పరాంకుశానికి కూడా అంతుపట్టలేదు. దీపావళిదాకా ఆగుతాం, ఇద్దరమూ.

ఈ సంచిక కొంచెం శ్రద్ధగా చదువు. ఇందులో అన్న కోసం ఒకటి దాచాను. కందకం గట్టున గూఢచారులు పారేసిన చీటీ ఒకటి పరాంకుశానికి దొరుకుతుంది. దాని మీద రెండే అక్షరాలుంటాయి. ఆ గూఢచారులందరికీ పది అక్షరాల మాట ఒకటి తెలుసు. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా పదో అక్షరం సున్న. ఆ మాట తెలిసినవాడికి చీటీలో అంకె కనిపిస్తుంది, తెలియనివాడికి వట్టి అక్షరాలే. ఆ మాట ఏమిటో పరాంకుశం ఎలా కనిపెట్టాడో నువ్వే చదువు.

చదివాక, అన్న స్థిమితంగా ఉన్న వేళ చూసి ఆ పది అక్షరాల మాట ఆయన వినేలా గట్టిగా చదువు. 'గుణ కథలో వచ్చింది' అను. అంతే చాలు. ఆ తర్వాత ఆయన ముఖం ఎలా ఉందో నాకు రాయి. ఎందుకని నన్ను అడగవద్దు. నీకు బలపాల రహస్యం ఉంటే నాకూ ఒకటి ఉండకూడదా?

ఆ ముఖం ఎలా ఉంటుందో నేను ఊహించుకోని రోజు లేదు. ఈసారి పిలుస్తాడు వదినా. నాకు నమ్మకముంది.

గుణశేఖరం


గుడియాత్తం
16 సెప్టెంబరు 1956

గుణా,

ఏం పని చేశావురా నువ్వు! నేనేం చేశాను! తొందరలో రాస్తున్నాను, అక్షరాలు ఎలా వస్తే అలా చదువుకో.

ముందు నా దొంగతనం చెబుతాను. నీ కథలు నేను వంటింట్లో ఒక్కదాన్నే చదవడం లేదు. ఎండాకాలం నుంచి రోజూ సాయంత్రం మన ఇంటి ముందరి తిన్నె మీద వీధి పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తున్నాను. కథ సగంలో ఆపి, 'మిగతాది కావాలంటే ఈ నాలుగు అక్షరాలు నేర్చుకోండి' అంటాను. పరాంకుశం కోసం వాళ్ళు ఒత్తులు కూడా నేర్చుకున్నారు. దీపావళికి వాళ్ళందరిచేత నీకు తెలుగులో ఉత్తరాలు రాయించి పంపాలనుకున్నాను. బలపాలు అందుకే.

ఈ సంచిక రాగానే పిల్లలకు పిచ్చెక్కింది. 'శ్రీరంగనాథుని దయ మాకు'. ఆ పది అక్షరాల మాటను పలకల మీద నేనే రాయించాను. దాని కింద అంకెలు కూడా నేనే వేయించాను. మన పళ్ళికొండ రంగనాథస్వామి పేరు కథలో పెట్టావని మురిసిపోయాను. మీ అన్నకు శనివారం స్వామి దీపం పెట్టాక చెబుదామని అనుకుంటూనే ఉన్నాను.

ఈలోగా మొన్న శుక్రవారం, దీపావళి బేరాలు మొదలై కొట్టు నిండా జనం ఉండగా, ఎదురింటి భారతమ్మ కూతురి పావడా గుడ్డ కోసం వచ్చింది. మీ అన్న నాలుగు రూపాయలు చెప్పాడు. ఆ పిల్ల తానుకు కట్టిన చీటీ చూసి, "అమ్మా, రం, ద! అయ్యకు రెండు రూపాయల ఏడణాలకే వచ్చిండాదమ్మా!" అని కేక పెట్టింది. అంతే. ఒక పిల్ల చదివితే ఇంకో పిల్ల ఇంకో చీటీ చదివింది. పెద్దవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మరీ పై అరల చీటీలు చదివించారు. నేను వెనక తలుపు సందులోంచి వింటున్నాను. ఎదుటి జవుళి కొట్టు అశ్వత్థనారాయణ గడపలో నిలబడి, "ఏమప్పా బలరామయ్యా, మీ తమ్ముడు నీ కొట్టు గుట్టు పుస్తకంలో అచ్చేసి ఊరికి పంచినాడంటనే! ఇంక నీకు వ్యాపారం ఎందుకప్పా?" అన్నాడు. జనం నవ్వారు.

అప్పటిదాకా అది మన కొట్టు ధరల గుర్తు అని నాకు తెలియదు గుణా. ఈ ఇంటికి వచ్చి పద్దెనిమిదేళ్ళు. కొట్లోంచి చీర ఇంట్లోకి రావాలంటే గడప దగ్గరే చీటీ తెంపేస్తారు, అది మీ వాళ్ళ ఆచారం. ఆడవాళ్ళకు గుర్తు చెప్పరు. చెప్పి ఉంటే ఆ పేజీ చించి పొయ్యిలో వేసేదాన్ని కదా!

మీ అన్న కేకలు వేయలేదు. కొట్లో పనిచేసే పెరియస్వామితో "సరుకు మడిచి పెట్టప్పా" అని మాత్రం అని లోపలికి వచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. నా వైపు చూసి తల దించుకున్నాడు. నీ గురించి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు భయంగా ఉంది. పిల్లలకు నేర్పింది నేనేనా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. సాయంత్రాలు ఆ తిన్నె వెనక నడవలోనే కూర్చుంటాడు గానీ, లెక్కల్లో ఉంటే పక్కన పిడుగు పడినా వినని మనిషి. చెప్పాలంటే నోరు రావడం లేదు.

ఎందుకు రాశావు గుణా? అన్న మీద అంత కసి ఉందా నీకు?

శారదమ్మ


వేలూరు
19 సెప్టెంబరు 1956

వదినా,

కసి కాదు. ఆ మాట నువ్వే అంటే ఇక నేను ఎవరికి చెప్పుకోను?

నా చిన్నప్పుడు నాయన మమ్మల్నిద్దరినీ కొట్లో తానుల మీద కూర్చోబెట్టి ఆ పది అక్షరాలూ ఇసుకలో దిద్దించాడు. తాతల నాటి గుర్తు అది. కొన్న ధర చీటీ మీద ఆ అక్షరాల్లోనే రాయాలి, బయటివాళ్ళకు చెప్పకూడదు. నేను తర్వాత బడికి పోయి మిగతా అక్షరాలన్నీ నేర్చుకున్నాను. అన్న అక్కడే ఆగిపోయాడు. నీకు 'ద' చూపించాడే, అది అందుకే. అన్నకు తెలుగులో వచ్చింది ఆ పది అక్షరాలే వదినా. మొత్తం తెలుగులో ఆయన చదవగలిగిన మాట అదొక్కటే.

నా కథల్లో ఒక్క ముక్కైనా అన్న చదవలేడు కదా అని ఏడుపొచ్చేది. ఆయనకు తెలిసిన మాట ఒక్కటైనా అచ్చులో ఉండాలనిపించింది. నువ్వు చదివితే విని, 'వీడు కొట్టు వదిలాడు గానీ నాయన నేర్పింది వదల్లేదు' అనుకుంటాడని ఆశపడ్డాను. గుడియాత్తంలో ఆ పత్రిక వచ్చేది నీకొక్కదానికే. చదివేది నువ్వొక్కదానివే అని నువ్వే రాశావు. చిత్తూరు పిల్లలకు మన కొట్టు సంగతి ఏం తెలుస్తుంది? అదీ నా లెక్క. గూఢచారి కథలు రాసేవాడి తెలివి ఇంతే.

ఒక్కటి గుర్తుపెట్టుకో. పిల్లలకు నేర్పింది నువ్వని అన్నకు చెప్పవద్దు. పత్రిక ఎవరో వేలూరు నుంచి తెచ్చారనుకోనీ. నా మీద ఎలాగూ కోపం ఉంది, దాంట్లోనే ఇదీ కలిసిపోతుంది. నీ మీద కోపం వస్తే ఆ ఇంట్లో మీరిద్దరే, మధ్యలో ఇంకొకరు లేరు. నేరం నాది. నాదిగానే ఉండనీ.

ఈ శుక్రవారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. పిలవకపోయినా వస్తాను. కొట్టినా సరే, కాళ్ళ మీద పడతాను.

గుణశేఖరం


గుడియాత్తం
20 సెప్టెంబరు 1956

గుణా,

రావద్దు. నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నారాయణన్‌ను నిలబెట్టి వెంటనే రాసి ఇస్తున్నాను.

మీ అన్న చీటీలన్నీ తెంపేశాడు. పాత పట్టుచీరలకు ఇంకా మీ నాయన చేతిరాత చీటీలు ఉండేవట, వాటిని కూడా. కొత్తగా ఏదో మాట కట్టి అరవ అక్షరాల్లో రాస్తున్నాడు. తెంపిన చీటీలను పెరియస్వామి చేత నా దగ్గరికి పంపి పొయ్యిలో వేయమన్నాడు. వేశాను. సాయంత్రం తిన్నె మీదికి పిల్లలు వస్తే నేనే పంపేశాను.

ఆయనకు గుండెల్లో నొప్పి వస్తోంది. డాక్టరు వచ్చి చూసి, మనసుకు కష్టం కలిగించే మాటేదీ చెవిన పడనివ్వవద్దన్నాడు. ఇప్పుడు నువ్వు ఎదురుపడితే ఏమవుతుందో నాకు తెలియదు. రోజూ సాయంత్రం వేలూరు బస్సు హారను వినిపించగానే బేరం మధ్యలో వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడుతున్నాడు. దిగేవాళ్ళందరినీ చూస్తాడు. బస్సు ఖాళీ అయ్యాక లోపలికి పోతాడు. ఆ పూట అన్నం సరిగా తినడు. నువ్వు వస్తావేమోనని కాపలా కాస్తున్నాడు గుణా. గడప తొక్కనివ్వకూడదని.

నా మీద ఒట్టు. నేను రమ్మని రాసేదాకా రావద్దు. దీపావళినాటికి మనసు మెత్తబడితే నేనే రాస్తాను. ఎదురుచూస్తూ ఉండు.

శారదమ్మ


వేలూరు
14 అక్టోబరు 1956

వదినా,

నీ ఉత్తరం ఆ శుక్రవారం మధ్యాహ్నమే అందింది. అందినా బస్సెక్కాను. పళ్ళికొండ వచ్చేసరికి నీ ఒట్టు గుర్తుకొచ్చి దిగిపోయాను. ఆ బస్సు గుడియాత్తం వెళ్ళిపోయింది. గుళ్ళో స్వామి ఎదుట కూర్చున్నాను. 'దయ మాకు' అని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. తిరుగు బస్సులో వచ్చేశాను.

'కందకంలో దీపం' ఆపేశాను. ఎడిటరు కోప్పడ్డాడు. దీపం ఎవరు పట్టుకున్నారో చెప్పకుండా ఆపితే పిల్లలు తిడతారన్నాడు. తిట్టనివ్వమన్నాను.

అన్న నొప్పి ఎలా ఉంది? దీపావళి దగ్గరికి వచ్చేసింది. రమ్మని ఒక్క ముక్క రాయి వదినా. కార్డు చాలు.

గుణశేఖరం


గుడియాత్తం
25 నవంబరు 1956

చిరంజీవి గుణకు,

నేను రమ్మని రాసేలోపే ఆయనకు గుండెనొప్పి ముంచుకొచ్చింది. తంతి అందుకుని నువ్వు వచ్చేసరికి మీ అన్న లేడు. పిలిస్తేనే తొక్కమన్న గడపను ఆయనను మోసుకుపోవడానికి తొక్కావు. బిడ్డలు లేని మాకు కొడుకు చేయవలసినదంతా చేసి వెళ్ళావు. నువ్వున్నన్ని రోజులూ ఇల్లంతా జనం. అప్పటికి నాకూ తెలియని సంగతి ఒకటి ఇప్పుడు తెలిసింది. రాయకుండా ఉంటే బతకలేను. రాశాక ఎలా బతుకుతానో తెలియదు.

మొన్న పెరియస్వామి కొట్టు తాళాలు ఇవ్వడానికి వచ్చాడు. తాళాలు తిన్నె మీద పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

"అమ్మా, పిల్లోళ్ళకు చీటీ చూపించింది అయ్యేనమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఏ చీటీ అని అడిగాను. వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"అయ్య దినామూ నడవలో కూర్చునేది లెక్కలకు కాదమ్మా. మీరు తిన్నె మీద చదివే కథ వినేదానికి. పొద్దున్నే కొట్లో నాకు ఆ కథంతా చెప్పేవాడు. 'ఆ పరాంకుశం యారు తెలుసునా? నేనేనప్పా!' అని నవ్వేవాడు. ఆ పది అక్షరాలూ మీరు చదివిన పొద్దు అయ్యకు నిద్దర లేదంట. మరుసటి రోజు బడి విడిస్తానే పిల్లోళ్ళను కొట్లోకి పిలిచినాడు. పెద్దయ్య రాసిన పాత చీటీ ఒకటి తీసి 'ఇది చదువు చూద్దాం' అన్నాడు. బిడ్డలు గబగబా చదివేసినారు. అయ్య కండ్లలో నీళ్ళమ్మా. 'మా నాయన చేతిరాత చదివేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉండారప్పా' అన్నాడు. 'అయ్యా, ఏమి చేస్తా ఉండారు? అది కొట్టు గుర్తు' అని నేను అడ్డం పడినాను. 'ఉండప్పా, నా తమ్ముడు నాయన మాట అచ్చులో వేసినాడు' అని చీటీ తర్వాత చీటీ చూపించినాడు. కలకండ పంచినాడు. తాను కథ వింటా ఉండేది అమ్మకు చెప్పొద్దని బిడ్డల దగ్గర మాట తీసుకున్నాడు."

విన్నావా గుణా? పిల్లలు తమంతట తాము కనిపెట్టలేదు. ఆయనే చూపించాడు. వ్యాపారంలో పుట్టి పెరిగిన మనిషి, సంతోషంలో అది ధర అన్న సంగతే మరిచిపోయాడు.

"గుట్టు బయటపడినాక అందరూ చిన్నయ్యను తిట్టినారు కదమ్మా. అయ్య సిగ్గుతో చచ్చిపోయినాడు. 'తప్పు నాది, నింద వానిది' అనేవాడు. నేను చెబుతానంటే కొట్లో సామి పటం ముందర నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒక ఉత్తరం రాయండయ్యా అంటే, 'తెలుగులో కథలు రాసేవానికి నేను అరవంలో రాసేదా? మీ అమ్మను రాయమంటే నా తప్పు చెప్పుకోవాల. వాడే వస్తాడు చూడు, ఈ బస్సులో వస్తాడు' అని వాకిట్లో నిలబడేవాడు."

కాపలా అని రాశాను. నీ కోసం ఎదురుచూస్తున్న మనిషిని కాపలా కాస్తున్నాడని నా చేతులారా రాశాను. ఒట్టు పెట్టి నిన్ను ఆపాను. నువ్వు పళ్ళికొండలో దిగిపోయిన ఆ బస్సు ఇక్కడికి వచ్చినప్పుడు కూడా ఆయన వాకిట్లోనే ఉన్నాడు గుణా. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఆయన ముఖంలో సిగ్గును కోపమనుకున్నాను. నన్ను తిట్టు. నీ నోటితో నువ్వు తిడితే గానీ నాకు నిద్ర పట్టదు.

పెరియస్వామి ఒక పొట్లం ఇచ్చాడు. దీపావళికి నీకోసం మీ అన్న తీసి పక్కన పెట్టిన జరీ పంచెల చాపు. ఎవరికీ అమ్మవద్దని బీరువా అడుగున దాచాడట. దానికి ఒక చీటీ కట్టి ఉంది. రాత ఆయనదే, కొత్తది. ధర కాదు. మీ వాళ్ళ ఆచారం మీరి, చీటీ తెంపకుండానే గడప దాటించి నీకు పంపుతున్నాను. చూసుకో.

శారదమ్మ


వేలూరు
29 నవంబరు 1956

వదినమ్మకు,

పొట్లం అందింది.

నిన్ను తిట్టలేను. తిట్టడం మొదలుపెడితే ముందు నన్ను తిట్టుకోవాలి, ఆ తర్వాత అన్నను కూడా తిట్టాలి. ముగ్గురం ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉండి కూడా నోరు విప్పలేదు. పళ్ళికొండలో దిగినవాణ్ణి నేనే కదా. ఇంకొంచెం సేపు ఆ సీటులోనే కూర్చుని ఉంటే అన్న నన్ను చూసేవాడు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా ప్రెస్సులో ప్రూఫుల మీద కన్నీళ్ళు పడి సిరా చెదిరిపోతోంది.

చీటీ చూశాను. 'శ్రీరంగనాథుని దయ మాకు' అని పదక్షరాలూ రాశాడు. 'శ్రీ' కొంచెం పక్కకు ఒరిగింది. 'థు' రాయడానికి రెండుసార్లు ప్రయత్నించి మొదటిది కొట్టేశాడు. ధర రాయడానికైతే రెండక్షరాలు చాలు. తనకు వచ్చిన తెలుగంతా నాకు రాసేశాడు వదినా, ఒక్క అక్షరం కూడా మిగుల్చుకోలేదు. అరవంలో రాయకూడదని ఇలా రాశాడు. పిలిస్తేనే రమ్మన్నాడు, పిలిచాడు. అన్న ఉత్తరం అందింది.

'కందకంలో దీపం' చివరి భాగం రాసి ఎడిటరుకు ఇచ్చాను. దీపం పట్టుకుని తిరిగింది గూఢచారి కాదు. ఇంటికి రాని తమ్ముడి కోసం వెతుకుతున్న ఒక అన్న. పిల్లలకు ఇలాంటి ముగింపు నచ్చదని ఎడిటరు గొణిగాడు. నచ్చకపోయినా మార్చనన్నాను.

శనివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. ఆ పంచె కట్టుకునే వస్తాను, చీటీ తెంపను. పిల్లల్ని తిన్నె మీదికి పిలువు. చివరి భాగం నేనే చదివి వినిపిస్తాను. నడవలో అన్న కూర్చునే చోట ఎవర్నీ కూర్చోనివ్వకు.

బస్సు వచ్చే వేళకు నువ్వు మాత్రం వాకిట్లోకి రావద్దు వదినా. అక్కడ అన్న నిలబడి ఉన్నాడనుకుని నడిచి వస్తాను.

నీ
గుణ